షార్ట్‌కట్రావు గారు

ప్రతి ఆఫీసులోనూ ఒక షార్ట్‌కట్రావు గారుంటారు. సర్వీసు రిజిస్టర్లో ఆయన పేరు ఇంకేదో ఉంటుంది. జీతాల బిల్లు పెట్టేరోజు తప్ప ఆ పేరుతో ఎవరికీ పనిపడదు. కలెక్టరేట్లో సీనియర్ అసిస్టెంటు కావచ్చు, ఆడిటర్ గారి దగ్గర అకౌంటెంటు కావచ్చు, కాలేజీ పరీక్షల సెక్షన్లో గుమాస్తా కావచ్చు. ఎక్కడున్నా గుర్తుపట్టడం తేలిక. ఆయన టేబుల్ మీద మౌస్ బోర్లా కాదు, వెల్లకిలా పడి ఉంటుంది. దాని తీగను చుట్టచుట్టి రబ్బరు బ్యాండు వేసి ఉంచుతారు. కీబోర్డు మీద కంట్రోల్ మీట అరిగి నున్నగా మెరుస్తుంటుంది. కొత్తగా చేరినవాళ్ళెవరైనా "మీ మౌస్ పాడైందా సార్?" అని అడిగితే ఆయన నవ్వుతారు. నిష్ఠగల శాకాహారిని పట్టుకుని "మీ వీధిలో మటన్ దొరకదా అండీ?" అని అడిగితే నవ్వే నవ్వు అది.

నేను చెప్పబోయే షార్ట్‌కట్రావు గారు కలెక్టరేట్ మనిషి. వయసు యాభై దాటింది, రిటైర్మెంటు ఇంకా కాస్త దూరంలో ఉంది. ఆయనకు బీపీ లేదు, షుగరు లేదు. ఉన్న జబ్బల్లా ఒకటే: ఎదుటివాళ్ళు మౌస్ పట్టుకుంటే చూస్తూ కూర్చోలేరు.

ఒక మధ్యాహ్నం సూపరింటెండెంట్ గారు పాత నోటులోంచి రెండు పేజీల మేటరు కాపీ చేయబోయారు. మౌస్‌తో మొదటి అక్షరం దగ్గర నొక్కిపట్టి కిందికి లాగడం మొదలుపెట్టారు. స్క్రీను అంచుకు వచ్చేసరికి అది ఒక్క ఉదుటున నాలుగు పేజీలు జారిపోయింది. పైకి లాగారు. మొదటికన్నా ఇంకా పైకి పోయింది. ఈసారి ఊపిరి బిగబట్టి లాగుతుంటే అటెండరు టీ తెచ్చి పెట్టాడు. వేలు కదిలింది, పరుచుకున్న నీలంరంగంతా మాయమైంది. అప్పటికే కుర్చీ వెనక ఎవరో గట్టిగా ఊపిరి తీస్తున్న చప్పుడు.

"షిఫ్టు పట్టుకోండి సార్."

"ఏ షిఫ్టు?"

"ఏదైనా ఒకటే సార్. మొదట్లో ఒక క్లిక్కు, చివర్లో షిఫ్టు పట్టుకుని ఇంకో క్లిక్కు. మధ్యలో లాగుడు లేదు. అసలు ఆ క్లిక్కులు కూడా అక్కర్లేదనుకోండి, మీరున్నారని చెబుతున్నాను."

"ఏమయ్యా, నీ ఫైలు చూసుకోకుండా నా వేళ్ళు చూస్తూ కూర్చున్నావా?"

"ఫైలు ఎక్కడికి పోతుంది సార్!"

ఆ మాట నిజమే. కలెక్టరేట్లో ఫైలు ఎక్కడికీ పోదు. ఆ సంగతికి తరవాత వద్దాం.

ఆయన ఉన్న సెక్షన్లో ఎవరూ "ఇవాళ తేదీ ఎంత?" అని పైకి అనరు. ఒకసారి జూనియర్ అసిస్టెంటు అమ్మాయి పొరపాటున అనేసింది. "ఎక్సెల్లో ఉన్నావా అమ్మా? కంట్రోల్ పట్టుకుని సెమీకోలన్ కొట్టు. తేదీ పడిందా? ఇప్పుడు దాంతోపాటు షిఫ్టు కూడా పట్టుకో. టైము పడుతుంది. గోడ క్యాలెండరూ అక్కర్లేదు, చేతిగడియారమూ అక్కర్లేదు" అన్నారు. అంతటితో ఆగితే ఆయన షార్ట్‌కట్రావు ఎందుకవుతారు? కూడికకు ఆల్ట్, ఈక్వల్స్. ఫిల్టరుకు కంట్రోల్, షిఫ్టు, ఎల్. పైగడిలో ఉన్నది కిందికి దింపడానికి కంట్రోల్ డి. ఇప్పుడే చేసిన పనిని మళ్ళీ చేయడానికి ఎఫ్ ఫోర్. ఆ అమ్మాయి తేదీ తెలుసుకునేసరికి లంచి టైమయింది.

ఈ నిష్ఠ ఆయనకు పుట్టుకతో రాలేదు, టైపు ఇన్‌స్టిట్యూట్లో వచ్చింది. లోయరూ హయ్యరూ పాసైన చేతులవి. ఏ, ఎస్, డి, ఎఫ్ అంటూ రేకుల షెడ్డులో చెమటలు కక్కుతూ కొట్టిన కాలంలో మెషీను మీద పది వేళ్ళకూ పనుండేది. వేళ్ళకేసి చూస్తే మాస్టారు స్కేలుతో వేసేవారు. తరవాత అదే ఇన్‌స్టిట్యూట్ ఒక మూలన ఏసీ గది కట్టి, చెప్పులు బయట విప్పించి, డాస్, వర్డ్‌స్టార్, లోటస్, డీబేస్ నేర్పింది. వర్డ్‌స్టార్‌లో మౌస్ లేదు. సేవ్ చేయాలంటే కంట్రోల్ కె, ఆ వెంటనే ఎస్. కర్సరు పైకి పోవాలంటే కంట్రోల్ ఇ, కిందికి రావాలంటే కంట్రోల్ ఎక్స్. ఆ రోజుల్లో ఎలా అలవాటైందో ఇప్పుడూ అలాగే కూర్చుంటారు: నడుం నిటారుగా, చూపు కాయితం మీద, వేళ్ళు వాటి దారిన అవి.

లోటస్ మీద ఆయనకున్న ప్రేమ చెప్పాలంటే ఒక చిన్న వేడుక చూడాలి. కొత్తవాళ్ళను పిలిచి ఎక్సెల్ తెరిపించి, "ఖాళీ గడిలో ఉండి స్లాషు నొక్కు" అంటారు. నొక్కగానే పైనున్న మెనూ నిండా చిన్నచిన్న అక్షరాలు మొలుస్తాయి. ఏ అక్షరం కొడితే ఆ తలుపు తెరుచుకుంటుంది. "చూశావా, లోటస్ 1-2-3 వచ్చింది 1983లో. దాంట్లో మెనూ పిలవాలంటే స్లాషే. లోటస్ ఎప్పుడో పోయింది. దాన్ని మింగేసిన ఎక్సెల్ మాత్రం ఆ స్లాషును ఇంకా కాపాడుతోంది. పెద్దల పట్ల మర్యాదంటే అదీ!" అని సూపరింటెండెంట్ గారికి వినపడేలా అంటారు.

ఆయనకు దేవుళ్ళున్నారు, రాక్షసుడూ ఉన్నాడు. దేవుళ్ళలో మొదటివాడు లారీ టెస్లర్. 1970లలో కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధనశాలలో టిమ్ మాట్‌తో కలిసి పనిచేస్తూ కట్, కాపీ, పేస్టులను మనం వాడే తీరుకు తెచ్చిన మనిషి. 2020 ఫిబ్రవరిలో ఆయన పోయారని పేపర్లో చదివి షార్ట్‌కట్రావు గారు సూపరింటెండెంట్ గారి టేబుల్ దగ్గరికి వెళ్ళి, సెక్షన్ తరఫున రెండు నిమిషాలు మౌనం పాటిద్దామన్నారు.

"ఎవరు పోయారయ్యా? ఏ డిపార్ట్‌మెంటు?"

"జిరాక్స్ సార్."

"మన గేటు పక్క జిరాక్సాయనా? అయ్యో, పొద్దున్న చూశానే!"

మౌనం పాటించారు, కానీ షార్ట్‌కట్రావు గారొక్కరే పాటించారు. అదీ రెండు రోజులు.

రెండో దేవుడు డేవిడ్ బ్రాడ్లీ. 1981లో వచ్చిన ఐబీఎం పీసీని తయారుచేసిన ఇంజనీర్లలో ఒకరు, కంట్రోల్ ఆల్ట్ డిలీట్ ఆయన చలవే. "మూడు మీటలూ దగ్గరదగ్గరగా పెట్టలేదు చూడండి. రెండు ఎడమవైపు, ఒకటి దూరంగా కుడివైపు. పొరపాటున చెయ్యి తగిలి మెషీను ఆగిపోకూడదని. ముందుచూపు! మన రికార్డ్ రూములో మెయిన్ స్విచ్చు, చీపురు తగిలించే మేకు పక్కనే పెట్టారు" అంటారు.

ఇక రాక్షసుడు డగ్లస్ ఎంగెల్‌బార్ట్, మౌస్‌ను కనిపెట్టిన పెద్దమనిషి. 1960లలో చెక్కపెట్టెకు చక్రాలు బిగించి తయారుచేశారు మొదటి మౌస్‌ను. షార్ట్‌కట్రావు గారికి కోపం ఆయన మీదకన్నా లోకం మీద ఎక్కువ. ఎందుకంటే 1968లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎంగెల్‌బార్ట్ తన యంత్రాన్ని సభకు చూపించినప్పుడు కుడిచేతి కింద మౌస్ ఉంటే, ఎడమచేతి కింద ఐదు మీటల పలక ఒకటి ఉంది. ఆ మీటలను రకరకాలుగా కలిపి నొక్కి పని నడిపించారు. "ఆయన రెండు చేతులకూ రెండిచ్చాడండీ. లోకం ఏం చేసింది? మీటలు వదిలేసి ఎలుకను పట్టుకుంది. వరమిస్తానంటే వాహనాన్ని అడిగినట్టుంది" అని వాపోతారు. వినాయక చవితికి ఆయనింట్లో పూజ శ్రద్ధగానే జరుగుతుంది. ఎలుక దగ్గర మాత్రం పువ్వు కాస్త చిన్నది పెడతారని గిట్టనివాళ్ళంటారు.

సరే, ఇంత చేసి మిగిలేదేమిటి? దానికీ ఆయన దగ్గర లెక్కుంది. "మౌస్ కోసం చెయ్యి తీసిన ప్రతిసారీ రెండు సెకన్లు పోతాయనుకోండి. రోజుకు మూడు వందల సార్లు తీస్తే పది నిమిషాలు. నెలకు పాతిక పనిదినాలు, అంటే రెండు వందల యాభై నిమిషాలు. ఏడాదికి యాభై గంటలు! ప్రభుత్వానికి ఏడాదికి యాభై గంటలు మిగులుస్తున్నాను" అంటారు. ఆ యాభై గంటలూ ఎక్కడున్నాయని ఎవరూ అడగరు. ఈ లెక్క మాకు చెప్పడానికి అయ్యాయని అందరికీ తెలుసు.

ఆయన కీర్తి జిల్లా అంతటా పాకింది మాత్రం ఒక వీడియో కాన్ఫరెన్సు రోజున. నాలుగింటికి వీసీ. మూడింటికి పైనుంచి ప్రొఫార్మా మారింది. లబ్ధిదారుల జాబితాలో ఇంటిపేరు ఒక గడిలో, పేరు ఇంకో గడిలో ఉండాలట. మండలాల నుంచి వచ్చిన జాబితాల్లో రెండూ ఒకే గడిలో ఉన్నాయి. వేల పేర్లు. సెక్షన్లో అందరి మొహాలూ పాలిపోయాయి. షార్ట్‌కట్రావు గారు చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నారు. మొదటి వరసలో ఇంటిపేరు టైపు చేశారు. దానికింది గడిలోకి దిగారు. కంట్రోల్ ఇ కొట్టారు. కన్నుమూసి తెరిచేలోపు చివరి వరసదాకా ఇంటిపేర్లు నిండిపోయాయి. ఫ్లాష్ ఫిల్ అంటారు దాన్ని, 2013 ఎక్సెల్ నుంచి ఉంది. మనం ఒక గడి చేసి చూపిస్తే మిగిలినవి చూసి నేర్చుకుంటుంది. పక్క సెక్షన్ల వాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. ఎవరో చప్పట్లు కొట్టారు. ఏవో గారు స్వయంగా "శెభాష్" అన్నారు.

నాలుగింటికి వీసీ మొదలైంది. జాబితా పెద్ద స్క్రీను మీద పడింది. కలెక్టరు గారు కాసేపు చూసి, "ఈ మండలంలో శ్రీమతి అనే ఇంటిపేరు వాళ్ళు చాలామంది ఉన్నట్టున్నారే?" అన్నారు.

జరిగిందేమిటంటే, తెలుగువాడి పేరు ఎక్సెల్‌కు లొంగేది కాదు. ఇంటిపేరు ముందు రాసేవారున్నారు, వెనక రాసేవారున్నారు, పొడి అక్షరాల్లోకి కుదించేవారున్నారు, ఇంటిపేరే రెండు మాటలైనవారున్నారు. ఒక మండలం వాళ్ళు మర్యాదస్తులు, ఆడవాళ్ళ పేర్లకు ముందు శ్రీమతి చేర్చారు. మొదటి మాటే ఇంటిపేరని నేర్చుకున్న ఎక్సెల్ తన ధర్మం తాను నెరవేర్చింది. ఆ రాత్రి తొమ్మిదిదాకా సెక్షనంతా కూర్చుంది. కంట్రోల్ హెచ్‌తో శ్రీమతులందరినీ ఒక్క దెబ్బకు తీసేశారు. మిగిలినవి ఒక్కొక్కటే చేత్తో సరిచేశారు. ఇంటికి పోతూ షార్ట్‌కట్రావు గారు అన్నదిదీ: "ఎక్సెల్ తప్పేం లేదండీ. తప్పు మండలానిది."

ఆయన శిష్యుల్లో కూడా అందరూ ఒడ్డున పడలేదు. ఒక కొత్త కుర్రాడు కంట్రోల్, కింది బాణం కలిపి నొక్కితే జాబితా చివరికి పోతుందని నేర్చుకుని, ఉత్సాహం కొద్దీ ఖాళీ షీటులో నొక్కాడు. 10,48,576వ వరసలో తేలాడు. కనుచూపుమేరలో ఒక్క అక్షరం లేదు. డేటా అంతా పోయిందని అరిచి కళ్ళనీళ్ళ పర్యంతమయ్యాడు. షార్ట్‌కట్రావు గారు నింపాదిగా వచ్చి, కంట్రోల్ హోమ్ కొట్టి పైకి తెచ్చి, "భయపడకు బాబూ. 2003 ఎక్సెల్‌దాకా 65,536తోనే అయిపోయేది భూమి. ఇప్పుడు పెరిగింది. అక్కడికి పోయినవాడు తిరిగిరావచ్చు" అని ధైర్యం చెప్పారు.

తెలుగు టైపింగు దగ్గర ఆయన కాస్త తగ్గుతారు. విండోస్ మీటా స్పేసూ కలిపి నొక్కి తెలుగులోకి మారి, పని చూసుకుని, మళ్ళీ ఇంగ్లీషులోకి మార్చడం మరిచి లేచిపోతారు. తరవాత కూర్చున్నవాళ్ళు పాస్‌వర్డ్ కొడితే కనబడేవి చుక్కలే గనక, లోపల తెలుగు అక్షరాలు పడుతున్నాయని తెలియదు. మూడుసార్లు కొట్టాక లాగిన్ మూతపడుతుంది. ఇక అను ఫాంట్లలో కొట్టిన సర్క్యులరును యూనికోడ్ ఫైల్లో పేస్టు చేసి, పడిన పిచ్చిగీతలను చూపిస్తూ "దీనికేదైనా మీట చెప్పండి" అని ఎవరైనా వస్తే ఆయన కిటికీలోంచి బయటికి చూస్తారు. కన్వర్టరు వెతుక్కోమని చెప్పడం ఆయన స్థాయికి తగదు. వర్డ్‌లో షిఫ్టు ఎఫ్ త్రీ నొక్కితే ఇంగ్లీషు చిన్నక్షరాలు పెద్దవవుతాయి, పెద్దవి చిన్నవవుతాయి. తెలుగు మీద నొక్కితే ఏమీ కాదు. "మనలో చిన్నాపెద్దా లేదు" అని ఆ ఒక్కచోట మురిసిపోతారు.

వాట్సాప్‌లో అప్పుడప్పుడు "జీవితానికి కంట్రోల్ జెడ్ ఉంటే ఎంత బాగుండును" అన్న సుభాషితం సూర్యోదయం బొమ్మతో వస్తుంటుంది. దాన్ని పంపినవాళ్ళతో ఆయన వారం మాట్లాడరు. "ఎక్సెల్లో వంద మెట్లు వెనక్కి పోవచ్చు. జీవితంలో వంద తప్పులు చేశాక వెనక్కెందుకు, సస్పెన్షన్ ఆర్డరే వస్తుంది" అంటారు. జూనియర్ అసిస్టెంటు అమ్మాయి ఈమధ్య కావలసిన ఫార్ములా ఫోనులో చాట్‌బాట్‌ను అడిగి రాయించుకుంటోంది. దాని మీద కూడా ఆయన తీర్పు ఇచ్చేశారు: "అది చెబుతుందమ్మా. నొక్కుతుందా?"

ఇప్పుడు ఫైలు సంగతికి వద్దాం. ఇన్ని అడ్డదారులు తెలిసిన మనిషి కదా అని ఒక అర్జీదారు ఆశగా ఆయన దగ్గరికొచ్చాడు. "సార్, మా కాయితం తొందరగా పైకి పోయే దారేదైనా ఉంటే చెప్పండి, మేం మిమ్మల్ని మరిచిపోం" అన్నాడు. షార్ట్‌కట్రావు గారి మొహం ఎర్రబడింది. అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఇన్‌వార్డ్ నంబరు రాసిచ్చి, దారి మొత్తం చెప్పారు. జూనియర్ అసిస్టెంటు, సీనియర్ అసిస్టెంటు, సూపరింటెండెంటు, ఏవో, డీఆర్వో, జేసీ, కలెక్టరు. ఏ మెట్టు మీదైనా "మాట్లాడండి" అని ఒక్క ముక్క రాశారంటే మళ్ళీ మొదటి మెట్టుకు. "ఎక్కాల్సినవన్నీ ఎక్కాల్సిందేనండీ. ఎవరిని దాటినా రూలు ఒప్పుకోదు." ఈ-ఆఫీస్ వచ్చినప్పుడు మాత్రం ఆయన కొంచెం ఆశపడ్డారు. ఒక మీట నొక్కితే ఫైలు పై టేబులుకు పోతుందన్నారు కదా. పోయింది, నిజమే. కింది నుంచి పైకి చేరే వేగం పెరిగింది, పైన కూర్చునే కాలం అలాగే ఉంది. ఇదివరకు ఏవో గారు క్యాంపులో ఉంటే ఫైలు టేబుల్ మీద ఉండేది, ఇప్పుడు ఇన్‌బాక్సులో ఉంటోంది.

ఆయన సెకన్ల పిచ్చికి నాకు తోచిన కారణం ఇదే. ఫైలు తీసుకునే నెలలు ఆయన చేతిలో లేవు, సెకన్లున్నాయి. అందుకే సెకన్ల దగ్గర రాజీపడరు, నెలల దగ్గర నోరెత్తరు.

ఆయన సొంత సరెండర్ లీవు బిల్లే చూడండి. టీ చల్లారేలోపు బిల్లు తయారుచేశారు. చెయ్యి ఒక్కసారి కూడా కీబోర్డు దాటలేదు. ట్రెజరీకి వెళ్ళింది. ఒక ఆబ్జెక్షనుతో వెనక్కొచ్చింది. సరిచేసి పంపారు. ఇంకో ఆబ్జెక్షనుతో వచ్చింది. అదీ సరిచేశారు. ఆ తరవాత రాకపోక రెండూ ఆగిపోయాయి. "ఒకసారి వెళ్ళి కనబడి రావయ్యా, కలిసి టీ తాగినంత మాత్రాన నేరం కాదు" అన్నారు సూపరింటెండెంట్ గారు. "వరసలో వస్తుందిలెండి" అని ఊరుకున్నారు ఈయన.

మొన్నొక సాయంత్రం ట్రెజరీ నుంచే ఫోనొచ్చింది. ఆ బిల్లు చూసే క్లర్కు గారే. సెక్షనంతా పనులాపి వింటోంది.

"నమస్కారమండీ! చెప్పండి... ఆఁ... అవునండీ, పెద్ద షీటైతే కిందికి పోయినకొద్దీ హెడ్డింగు కనబడదు... పై వరస కదలకుండా నిలబడాలి, అంతే కదా? కాయితం తీసుకోండి. ఆల్ట్... వదిలేయండి. డబ్ల్యూ. ఎఫ్. ఆర్. ఒకదాని తరవాత ఒకటి, అన్నీ కలిపి నొక్కకండి... ఏమయింది?... మళ్ళీ మొదటినుంచి రండి..."

అలా ముప్పావుగంట సాగింది. ఫోను పెట్టేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది. సూపరింటెండెంట్ గారు ఆత్రంగా ముందుకు వంగారు.

"బిల్లు సంగతి అడిగావా?"

"ఏ బిల్లు సార్?"

"నీ సరెండర్ బిల్లయ్యా! అతని దగ్గరే కదా ఉంది!"

"ఆయన పనిలో ఉన్నారు కదండీ, మధ్యలో సొంత గొడవెందుకు? అయినా ఆర్ అని చెబుతుంటే సి కొట్టారు సార్. పై వరస వదిలేసి పక్క నిలువు వరస బిగుసుకుంది. రేపు మళ్ళీ చెయ్యమన్నాను."